కగేహా గోతిలో మొలిచిన అరటి

మా తోడికోడలు కగేహా చావు భోజనం నేను కడుపునిండా తిన్నాను. ఎద్దు మాంసం, వేడి వేడి ఉగాలీ, అదే మొక్కజొన్న పిండి ముద్ద, పైన పులుసు. ఆ సంగతి ఆవిడ ఈనాటికీ మర్చిపోలేదు. బతికే ఉంది గదా, ఎలా మర్చిపోతుంది? ఇప్పుడు కూడా మా రెండిళ్ళ మధ్య వాకిట్లో చాప వేసుకుని బొబ్బరాకు తుంచుతోంది. నేను పని ఎగ్గొట్టి కాయితాలు ముందేసుకున్నానని మధ్యమధ్య ఓ చూపు విసురుతోంది. ఏం రాస్తున్నావని అడిగింది. నీ గురించే అన్నాను. అయితే మాంసం తిన్న సంగతి అన్నిటికన్నా ముందు రాయమంది. రాశాను.

మాది మరగోలి కొండల్లో ఊరు. ఇక్కడ నేల తక్కువ, మనుషులెక్కువ. ఒక ఇంట్లో కూర మాడితే పక్క మూడిళ్ళవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నేను చిన్నకోడలిగా వచ్చేనాటికి కగేహా ఆ ఇంటి పెద్దకోడలు. పొడుగు మనిషి, గొంతు పెద్దది, నవ్విందంటే కట్టేసిన మేకలు మేత మాని తలెత్తి చూసేవి. వచ్చిన రోజే నా చేతి ఉగాలీ నోట్లో పెట్టుకుని, మీ అమ్మ నీకు గోడకు మట్టి మెత్తడం నేర్పిందా, వంట నేర్పిందా అని అడిగింది. నేను పొయ్యి వెనక కూచుని ఏడ్చాను. సాయంత్రం తనే వచ్చి, నా వెనక నిలబడి, తెడ్డు పట్టుకున్న నా చేతిని తన చేత్తో పట్టుకుని పిండి ఎలా తిప్పాలో చూపించింది. ఆ రోజు నుంచి మేం పోట్లాడుకోని రోజు లేదు. ఒకరిని వదిలి ఒకరం తిన్న పూటా లేదు, ఆ ఒక్క చావు భోజనం తప్ప.

ఆవిడ భర్త జుంబా కెరిచో టీ తోటల్లో పనిచేసేవాడు. నెలకోసారి వచ్చేవాడు. అతని తమ్ముడు అసావా నా భర్త, ఇంటిపట్టున ఉండి పొలం చూసుకునేవాడు. వీళ్ళిద్దరి తండ్రి అముగునే. మా మామగారి గురించి రెండు ముక్కలు చెప్పకపోతే ఈ కథ ముందుకు నడవదు.

మా వాళ్ళలో మామగారు కోడలి పేరు పలకకూడదు. ఆమె పడుకునే గది గడప తొక్కకూడదు. ఆమె తల్లి ఎదురైతే కళ్ళెత్తి చూడకూడదు, మాట్లాడకూడదు. అందరూ పాటించేదే, కానీ మా మామగారి పాటింపు వేరు. బావి దారిలో మేం ఎదురొస్తే చాలు, ఆయన టీ మొక్కల్లోకి దిగి నడుముదాకా మునిగి, మేం దాటిపోయేదాకా ఆకులు కోస్తున్నట్టు నిలబడేవాడు. ఆ మొక్కలు మావి కూడా కావు, పక్కింటివాళ్ళవి. వాళ్ళు ఎన్నోసార్లు తగువుకొచ్చారు. అయినా ఆయన మారలేదు. అంత మర్యాదస్థుడు.

కగేహాకు మొదటి కాన్పు నొప్పులు మొదలయ్యాయి. మా ఊరి మంత్రసాని మంచి హస్తవాసి ఉన్న మనిషి. ఒక పగలూ రాత్రీ చూసి, ఇది నావల్ల కాదు, బిడ్డ అడ్డం తిరిగింది, ఆసుపత్రికి దించండని ఆవిడే చెప్పింది. మగాళ్ళు కుర్చీకి గెడలు కట్టి, అందులో కగేహాను కూచోబెట్టి కొండ దించారు. కింద మిషన్ ఆసుపత్రి ఉంది. ఆవిడ తల్లి తోడు వెళ్ళింది. నా చంకలో చంటివాడు అగోయి ఉన్నాడు కాబట్టి నేను ఇంట్లో ఉండిపోయాను. కుర్చీ దిగువ మలుపు తిరిగేదాకా ఆవిడ నా వైపే చూసింది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి, ఆ రోజు ఏమీ అనలేదు. 

నా భర్త జుంబాను పిలుచుకురావడానికి కెరిచో బస్సెక్కాడు. ఇంట్లో మిగిలిన మగదిక్కు మామగారే. మర్నాడు పొద్దున్నే కబురు తెలుసుకొస్తానని ఆయనే బయలుదేరాడు.

ఆసుపత్రి దాకా వెళ్ళాడు. వార్డులోకి వెళ్ళలేడు, అది కోడలు పడుకున్న గది. బయట జామచెట్టు దగ్గర నిలబడి కిటికీలోంచి చూశాడు. కోడలి మంచం ఖాళీ. పరుపు మడిచి ఉంది. ఆవిడ కట్టుకెళ్ళిన పసుప్పచ్చ గుడ్డ నెత్తురోడుతూ కింద పడుంది. వరండాలో ఆవిడ తల్లి నెత్తిన గుడ్డ కప్పుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఏమైందని ఆమెనెలా అడుగుతాడు? వియ్యపురాలితో మాట్లాడకూడదాయె. అందుకని గట్టిగా దగ్గాడు. ఆమె తలెత్తింది, ఆయన్ను చూసింది, మర్యాద ప్రకారం మొహం కప్పుకుని అటు తిరిగిపోయింది. ఆయనకు జవాబు దొరికిపోయింది.

అక్కడ ఇంకెవరినైనా, ఊడ్చేవాడినైనా సరే, ఒక్కమాట అడిగుంటే తెలిసేది. కడుపు కోసి బిడ్డను తియ్యడానికి కగేహాను అప్పుడే లోపలికి తీసుకెళ్ళారు. పరుపు తడిసిందని సిస్టరు మడిచి పెట్టింది. తల్లి భయంతో ఏడుస్తోంది. కానీ మా మామగారు ఊరు కాని ఊళ్ళో కోడలి సంగతి పరాయివాళ్ళను అడిగే రకం కాదు.

ఇంటికొచ్చి, గడప దగ్గర కర్ర అడ్డంగా పెట్టి కూలబడ్డాడు. జుంబా ఇల్లు చీకటైందన్నాడు.  మేం ఘొల్లుమన్నాం.

మా ఊళ్ళో చావు కబురు వస్తే ఎవరూ పిలవక్కర్లేదు. కుర్రాళ్ళు పారలూ గునపాలూ భుజాన వేసుకుని వచ్చేస్తారు. వాళ్ళకు నాయకుడు మాకు వరసకు మరిది అయ్యే కెవెరెంగే. తిండికి ముందు, పనికి వెనక అని పేరున్నవాడు, కానీ గొయ్యి తవ్వడంలో మాత్రం అందరికన్నా ముందుండేవాడు. కగేహా ఇంటి గుమ్మానికి ఎడమవైపు తవ్వేశారు. మామగారు తన ఎర్ర ఎద్దును కోయించాడు. దాని కొమ్ముల మధ్య గోకుతూ ఆయన పొద్దు గడిపేవాడు. దానితో మాట్లాడినన్ని మాటలు మా అత్తగారితో కూడా మాట్లాడలేదని ఊరంతా నవ్వుకునేది. అలాంటి ఎద్దును, పేరైనా పలకని కోడలి కోసం కోయించాడు. ఆయన గురించి నాకున్న చిరాకంతా ఆ సంగతి గుర్తొస్తే తగ్గిపోతుంది.

తిన్నాం. ఏడ్చి ఏడ్చి ఆకలేసింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, మాంసం బాగుంది.

మర్నాడు శవాన్ని తెచ్చుకోవడానికి సంతలోని వ్యాను మాట్లాడుకుని బయలుదేరాం. దారిపొడుగునా ఆడవాళ్ళం శోకాలు పాడుతూ వెళ్ళాం. ముందు పాడాల్సింది తోడికోడలు. నా గొంతు అంతంతమాత్రమే, అయినా తప్పదు. ఆసుపత్రి గేటు దాటేసరికి నేను కగేహా మంచితనం పాడుతున్నాను. తండ్రి పేరు, తాత పేరు చెప్పి, నన్ను ఏనాడూ పల్లెత్తు మాట అనని అక్క, నాతో ఏనాడూ గొడవపడని అక్క అని రాగం తీశాను.

లోపల మంచం మీద కగేహా కళ్ళు తెరిచే ఉంది. ఎవరు పోయారో పాపమని తల్లిని అడిగింది. తల్లి ఎవరో ఏమోనంది. ఇంకాస్త విన్నాక, ఆ గొంతు మా చెల్లిది, అది పాడేది అబద్ధం, మొన్ననే నీళ్ళకుండ కోసం కొట్టుకున్నాం, వెళ్ళి నోరు మూయించమని సిస్టరును పంపింది. ఇది తర్వాత వాళ్ళమ్మ చెప్పింది.

సిస్టరు బయటికొచ్చి మమ్మల్ని చెడామడా తిట్టింది. పచ్చి బాలింతలున్న చోట ఈ గోలేమిటంది. శవం కోసం వచ్చామన్నాం. ఏ శవమంది. పేరు చెప్పాం. ఆ సిస్టరు మొహం నాకింకా గుర్తుంది. నా రెక్క పట్టుకుని వార్డులోకి లాక్కెళ్ళింది.

కగేహా పడుకుని ఉంది. మొహం బూడిద రంగులో ఉంది. పెదాలు తెల్లగా ఎండిపోయాయి. తలకు పైన కొక్కేనికి సీసా వేలాడుతోంది, అందులో నల్లటి ఎరుపు. దాన్నుంచి సన్నటి గొట్టం చేతిలోకి దిగింది. పక్కన గుడ్డల్లో చుట్టిన ఆడపిల్ల. నేను నేలమీద చతికిలబడిపోయాను.

"ఆపేశావేమే? శోకం సగంలో వదలకూడదు" అంది కగేహా. గొంతు పీలగా ఉంది.

 ఆవిడ పాదం పట్టుకున్నాను. వెచ్చగా ఉంది.

"ఇంటి దగ్గర ఏం చేశారు?"

"గొయ్యి తవ్వాం అక్కా."

"ఎద్దును కోశారా?"

"మామగారి ఎర్రది."

కాసేపు కళ్ళు మూసుకుంది. చచ్చిపోయిందేమోనని నాకు భయమేసింది. మళ్ళీ తెరిచింది.

"నువ్వూ తిన్నావా?"

తల దించుకున్నాను.

"నాకేమైనా మిగిల్చావా?" అంది.

అలా మొదలైంది ఆ ఎద్దు గోల. ఇంక ఈ జన్మలో ఆగేది కాదు.

కగేహా లేచి తిరగగలిగాక మొదట చూస్తానన్నది ఆ రక్తం ఎక్కడినుంచి వచ్చిందో. నీ ఒంట్లో ఉన్నదంతా దాదాపు కారిపోయింది, ఎక్కించబట్టి నిలిచావు అని డాక్టరు చెప్పాడట. అదెవరిదని సిస్టరును అడిగింది. సీసా మీద పేరు రాయరమ్మా, ఎవరో వచ్చి ఇచ్చిపోతారు, ఫ్రిజ్‌లో దాస్తాం, అవసరమైనవాళ్ళకు ఎక్కిస్తాం అంది సిస్టరు. ఎవరు ఎవరికిచ్చారో ఇద్దరికీ తెలియదంది. కగేహా నమ్మలేదు. పేరు లేకుండా, చుట్టరికం లేకుండా తన నెత్తురు ఎవరిస్తారు? అయితే ఆ ఫ్రిజ్ చూపించమని పట్టుబట్టింది. నా భుజం పట్టుకుని గోడ వెంట నడుచుకుంటూ వెళ్ళింది. ఒక మూల గదిలో తెల్లటి పెట్టె గుర్రుగుర్రుమంటోంది. దాని తలుపు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది. ఆవిడ ఏడవగా నేను చూడటం అదే మొదలు.

తర్వాత చర్చిలో సాక్ష్యం చెప్పాల్సిన ఆదివారం లేచి, ముందు దేవుడికి, తర్వాత డాక్టరుకు, ఆ తర్వాత ఫ్రిజ్‌కు, దానికి కరెంటిచ్చే జనరేటర్‌కు వందనాలు చెప్పింది. ఇనప సామానుకు వందనాలేమిటని పెద్దలు సణిగారు. మీ ప్రార్థన నా ప్రాణాన్ని నిలబెట్టింది, కాదనను, నా నెత్తురును చల్లగా దాచింది మాత్రం ఆ పెట్టే అని కూచుంది.

కానీ ఇంటిదగ్గర అసలు చిక్కు వేరే ఉంది. గొయ్యి తెరిచే ఉంది. నోరు తెరిచిన నేలను ఖాళీగా మూస్తే అది ఇంకొకరిని అడుగుతుందని మావాళ్ళ నమ్మకం. అలాంటప్పుడు మనిషికి బదులు అరటి బోదెను పూడుస్తారు. ఆ పని కెవెరెంగేకు చెప్పారు. బోదెను మొదలు దగ్గర నరికి తేవాలి. వాడి కత్తి మొద్దుబారింది, సాన పట్టే ఓపిక లేదు. ఒక పిలకను వేళ్ళతో సహా పెకలించి, తెచ్చి గోతిలో పడేసి, పైన మట్టి లాగేశాడు. అది ఎవరూ గమనించలేదు. వానలు పడ్డాయి. ఒక పొద్దున కగేహా గుమ్మం ఎడమపక్క మట్టిని చీల్చుకుని లేతాకు చుట్ట పైకొచ్చింది.

ఊరు హడలిపోయింది. పెద్దలు వచ్చి తవ్వి తీసేద్దామన్నారు. కగేహా పిల్లను చంకనేసుకుని ఆ మొక్క ముందు నిలబడిపోయింది.

"నా బదులు పడుకుంది. నాలాగే లేచింది. దీని మీద కత్తి పడితే నా మీద పడినట్టే" అంది.

ఎవరూ కదిలించలేదు. చెట్టు పెరిగింది, గెల వేసింది, పక్కన పిలకలు పెట్టింది. ఆ పళ్ళు ఎవరూ ముట్టేవారు కాదు. గోతిలోది గదా. నేనూ ముట్టలేదు. కగేహా ఒక్కతే తినేది. గెల పండినప్పుడల్లా దాన్ని నెత్తిన పెట్టుకుని కొండ దిగి, ఆసుపత్రిలో బాలింతలకు పంచి వచ్చేది. ఎవరి నెత్తురో తెలియదు, వాళ్ళకు చేతికివ్వలేను, అక్కడ పడుకున్నవాళ్ళకిస్తే చేరుతుంది అనేది. పళ్ళు ఎక్కడివో వాళ్ళకు చెప్పావా అని అడిగితే, అడగనిదే ఎందుకు చెప్పాలని కసిరేది.

ఇక ఎద్దు సంగతి. జుంబా కెరిచో నుంచి ఏడుస్తూ వచ్చి, పెళ్ళాం బతికుందని తెలిసి మళ్ళీ ఏడ్చి, చివరికి నవ్వాడు. కగేహా మాత్రం ఊరిని వదల్లేదు. ఇంటికి రేకులు వెయ్యాలా? నా ఎద్దు తిన్నారు, వచ్చి వెయ్యండి. మరుగుదొడ్డి గొయ్యి తవ్వాలా? ఒరేయ్ కెవెరెంగే, నాకు గొయ్యి తవ్వడం నీకలవాటేగా, నా ఎద్దు తొడ తిన్నావుగా, రా. ఊళ్ళో ఏ కోడలికి నెల తప్పినా ఆవిడ వెంట పడేది. ఆసుపత్రికి పంపనని ఏ అత్తగారైనా మొరాయిస్తే ఆ ఇంటి వాకిట్లో బైఠాయించేది. నా చావు తిండి తిన్న నోటితో వద్దంటావా అనేది. ఒక్కోసారి నాకే ఒళ్ళు మండేది. చచ్చిపోయుంటే ఇంత గోల ఉండేది కాదు గదా అని ఒకసారి మొహానే అన్నాను. పాడటానికి నువ్వున్నావుగా, అది ఇంకా పెద్ద గోల అంది.

మామగారు ఆ రోజు గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. పిల్లకు మిదేవా అని పేరు పెట్టాక, కోడలి గురించి చెప్పాల్సివస్తే మిదేవా తల్లి అనేవాడు. ఎదురైతే టీ మొక్కల్లోకి ఇంకాస్త లోపలికి వెళ్ళేవాడు. కానీ పొద్దున్నే పితికిన పాలలో మొదటి చెంబు మాత్రం ఎవరికీ చెప్పకుండా ఆవిడ గుమ్మం దగ్గర పెట్టి పోయేవాడు. ఆవిడ చూడనట్టే తీసుకునేది.

పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. నా అగోయికి పెళ్ళి చేశాం. కోడలు మినాయో. ఆడపిల్లలు లేని నా ఇంటికి వచ్చిన పిల్ల. మెల్లగా మాట్లాడేది, నేనెంత అరిచినా నవ్వేది. నెలలు నిండగానే కగేహా దగ్గరుండి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. పండిన గెల ఎలాగూ పంచాలని అదీ వెంట తెచ్చుకుంది. కాన్పు తేలిగ్గానే అయింది. ఆడపిల్ల. నేను పిల్లను ఒళ్ళో పెట్టుకుని ముక్కు ఎవరిదా అని చూస్తున్నాను. మినాయో నాకు చలేస్తోందత్తా అంది. దుప్పటి కప్పబోతే కింద పరుపంతా నెత్తురు.

ఇంక అంతా పరుగులే. సూదులు వేశారు, కడుపు నొక్కారు. ఫ్రిజ్‌లో ఆ పిల్లకు సరిపడే రక్తం ఒక్క సీసానే ఉంది. అది ఎక్కించారు. చాలదు, ఆగేదాకా ఎక్కిస్తూనే ఉండాలి, మీవాళ్ళను పిలిపించండి అన్నాడు డాక్టరు. అగోయిది సరిపడలేదు. నాకు వేలు పొడిచి చూసి, నీకే తక్కువుంది పొమ్మన్నారు. కగేహా చొక్కా చెయ్యి పైకి మడిచి అందరికన్నా ముందు నిలబడింది. బీపీ ఎక్కువుంది, కుదరదన్నారు. ఆ యంత్రాన్ని తిట్టింది. ఇంకోసారి చూడమంది. మళ్ళీ ఎక్కువే చూపించింది. ఆవిడ మొహంలో అంత నిస్సహాయత నేనెప్పుడూ చూడలేదు. ఒక్క క్షణమే. తర్వాత, పిల్లను చూస్తుండు, వస్తానని బయటికి వెళ్ళిపోయింది.

నేను మినాయో చెయ్యి పట్టుకుని కూచున్నాను. ఆ చెయ్యి చల్లబడుతోంది. మా ఇంటి గుమ్మం పక్కన కుర్రాళ్ళు పారలు పట్టుకుని నిలబడ్డట్టు కళ్ళకు కట్టింది. దేవుడా, ఈసారి నిజం చెయ్యకు అనుకున్నాను. ఇంకే ప్రార్థనా రాలేదు.

కగేహా సంతకు వెళ్ళింది. కెవెరెంగే, వాడి జట్టు కొట్టు చూరు కింద గింజల ఆట ఆడుకుంటున్నారు. అప్పటికి అందరూ పిల్లల తండ్రులే, బొజ్జలు కూడా వచ్చాయి. విషయం చెప్పింది. ఒకడు నెత్తురిస్తే మళ్ళీ పార పట్టలేమన్నాడు. ఒకడు పెళ్ళాన్ని అడిగి వస్తానన్నాడు. అసలు భయం వేరు. ఆ రోజుల్లో రక్తపరీక్ష అంటే ఎయిడ్స్ గుర్తొచ్చేది. అందులో ఏం బయటపడుతుందోనని ఎవరి గుండె వాళ్ళు పట్టుకున్నారు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు.

అక్కడున్న కొట్టువాడు నాకు చెప్పాడు, కగేహా ఆ రోజు అసలు అరవలేదట. మెల్లగా మాట్లాడిందట.

"నేను చావకముందే నాకు గొయ్యి తవ్వడానికి పిలవకుండానే వచ్చారు. ఒక్కరూ పెళ్ళాన్ని అడగలేదు. ఇప్పుడొక పిల్లను బతికించడానికి పిలుస్తున్నాను. నా ఎద్దు తిన్నవాళ్ళందరూ లేవండి."

లేచారు. టీ ఆకు తీసుకెళ్ళే లారీ ఆపి, అందులో ఎక్కించి తెచ్చింది. గేటు దగ్గర కొందరు వెనక్కి తిరిగారు. వాళ్ళను నేనేమీ అనను, ఎవరి భయం వాళ్ళది. మిగిలినవాళ్ళు లోపలికొచ్చారు. వాళ్ళ వెనకే నా భర్త అసావా కూడా వచ్చాడు, కానీ వరండాలో ఆగిపోయాడు. తను మామగారాయె. మామ నెత్తురు కోడలికి ఎక్కించొచ్చా అని గోడవైపు చూస్తూ గొణిగాడు. సీసా మీద పేరుండదు, నువ్వు చెయ్యి చాపు మరిదీ అంది కగేహా. చాపాడు.

కెవెరెంగే మా ఊళ్ళోకెల్లా భారీ మనిషి. సూది చూసి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, నుదుటి మీద చెమట. వాడిది సరిగ్గా మినాయోకు సరిపడింది. అది తీస్తున్నంతసేపూ కగేహా వాడి బొటనవేలు పట్టుకుని నిలబడింది. అయ్యాక లేవబోతే తూలాడు. ఏదైనా తినాలి, ఇవాళ మా దగ్గర బిస్కెట్లు కూడా లేవంది సిస్టరు. కగేహా తన గెల దగ్గరికి వెళ్ళి ఒక అత్తం తుంచి తెచ్చింది.

వాడు పండును చేతిలో తిప్పి చూశాడు. "ఇవెక్కడివి వదినా?"

"నువ్వు నాటినవే. తిను."

వాడు నా వైపు చూశాడు. నేనూ చూశాను. ఇన్నేళ్ళుగా ఊరు ఊరంతా ముట్టని పండు. వాడు తొక్క ఒలిచి, కళ్ళు మూసుకుని ఒక ముక్క కొరికాడు. నమిలాడు. ఇంకోటి అడిగాడు. అప్పుడు నేనూ ఒకటి తీసుకున్నాను. తియ్యగా ఉంది. ఇంత తియ్యటిదాన్ని ఇన్నేళ్ళు కాదనుకున్నందుకు నా మీద నాకే కోపమొచ్చింది.

ఎండ వాలేసరికి మినాయోకు నెత్తురు ఆగింది. సీసా సగం అయ్యేసరికి పెదాలకు రంగొచ్చింది. అత్తా, పిల్ల పాలు తాగిందా అని అడిగింది. నేను వరండాలోకొచ్చి స్తంభం పట్టుకుని ఏడ్చాను. నెత్తురును సీసాలో పట్టి దాచొచ్చని మొదట అనుకున్నదెవరో, ఎవరిది ఎవరికి సరిపడుతుందో కనిపెట్టిందెవరో, ఆ సన్నటి సూదిని చేసిన చేతులెవరివో నాకు తెలియదు. తెలిస్తే ప్రార్థనలో ఒక్కొక్కరి పేరే చెప్పుకుని, మోకాళ్ళు నొప్పెట్టేదాకా లేచేదాన్ని కాదు. అందుకే కగేహా ఆ ఫ్రిజ్‌కు ఎందుకు దణ్ణం పెట్టిందో నాకు అప్పుడు అర్థమైంది.

ఇక మా బాకీ తీరినట్టేగా వదినా అని లారీ ఎక్కుతూ అడిగాడు కెవెరెంగే. ఒక కాలు తీరింది, ఇంకా మూడు కాళ్ళూ తోకా ఉన్నాయంది కగేహా.

పిల్లను ఇంటికి తెచ్చాక పేరు పెట్టే రోజొచ్చింది. మినాయో నోరు తెరిచి ఏదీ అడగని పిల్ల, ఆ రోజు అడిగింది. పెద్దత్తయ్య పేరు పెట్టాలంది. వచ్చిన పెద్దలు కుదరదన్నారు. మా వాళ్ళలో పోయినవాళ్ళ పేరే పిల్లలకు పెడతారు. బతికున్నవాళ్ళ పేరు పెడితే ఇద్దరిలో ఒకరికి కీడు. వాకిట్లో మామగారు కుర్చీలో కూచుని ఉన్నాడు. అప్పటికి బాగా ముసలివాడు, చూపు ఆనేది కాదు. తన పేరు మాటకొచ్చిన చోట మామగారి ఎదుట నిలబడకూడదు కాబట్టి కగేహా వంటింటి గోడ వెనక ఉంది. నాతో చెబుతున్నట్టు అందరికీ వినపడేలా అంది.

"చెల్లీ, వాళ్ళకు చెప్పవే. నన్ను ఏడ్చారు. నా ఎద్దు తిన్నారు. నా గొయ్యి పూడ్చారు. ఇంకా నేనెంతగా చావాలో అడుగు."

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. అందరూ మామగారి వైపు తిరిగారు. పేరు పెట్టాల్సింది ఆయనే. పిల్లను ఒళ్ళో పెట్టుకుని, ఆ పేరు నోటితో పలకాలి. పెళ్ళయి ఆవిడ ఈ ఇంటికొచ్చినప్పటి నుంచి ఆయన నోట ఆ పేరు రాలేదు. ఆ రోజు ఆసుపత్రి జామచెట్టు దగ్గరైనా రాలేదు, అది పలికుంటే ఇదంతా జరిగేదే కాదు.  ఆయన వేరే పేరు చెబుతాడనే అనుకున్నాను.

ఆయన చేతులు చాపాడు. నేను పిల్లను పడుకోబెట్టాను. వేళ్ళతో దాని నుదురు తడిమాడు. 

"కగేహా" అన్నాడు.

పిల్ల పలకలేదు, నిద్రపోతోంది. 

"ఆఁ, మామా. ఇక్కడే ఉన్నాను" అని గోడ వెనక నుంచి జవాబొచ్చింది.

ఆయన కళ్ళు మూసుకుని తల ఊపాడు. టీ మొక్కల వైపు తిరగలేదు. పిల్లను నాకిచ్చి, దాని పేరు కూడా దాటేసి, మిదేవా తల్లి పాలు తాగిందా అని అడిగాడు.